బావగారికి ఎన్ని దిండ్లు?

"అక్కయ్యా, పేజీ అంతా సర్దేశాను. ఇంక బావగారి దిండ్లే రావాలి," అన్నాడు పేజీలు కట్టే ఆయన, తెర మీంచి చూపు తిప్పకుండా.

అక్కయ్య చెవి మీది పెన్సిల్ తీసి చేతిలో పట్టుకుంది. ఆమె ముందు ఆ నెల వచ్చిన కథలు కట్టగా ఉన్నాయి. చాలావాటిలో భూమి పేలిపోయింది, మిగిలినవాటిలో పేలబోయి ఆగింది. ఒక్కదాంట్లో మాత్రం చంద్రుడి మీద దుకాణం పెట్టుకున్న దర్జీ ఒకాయన, ఇక్కడ గుడ్డకి బరువు లేదు, ఏ కుచ్చిళ్ళూ కిందికి దిగవు, నా పనితనం ఎవరికి తెలుస్తుంది అని ఏడుస్తున్నాడు. దాని పక్కన ఆమె "వేద్దాం" అని రాసి, ఎందుకో ఆ దర్జీ మాటలు మళ్ళీ ఒకసారి చదువుకుంది.

ఊహాకథల మాసపత్రికకి ఆమె సంపాదకురాలు. అందులో ఆఖరి పేజీ ఆమె సొంతం. దాని పేరు "నా మాట విని చూడండి". దయ్యాల సినిమాలు, గ్రహాంతర సీరియళ్ళు, బొమ్మల కథలు, రబ్బరు తోక కట్టుకుని పరిగెత్తే రాక్షసుల ఆటలు, ఏది నచ్చితే దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించేది. నచ్చకపోతే, తీసినవాళ్ళకి అదే సినిమా పదిసార్లు చూపించాలని శిక్ష రాసేది. పాఠకులకి ఆమె అక్కయ్య. ఆమెకంటే పెద్దవాడైన పత్రిక యజమాని కూడా అక్కయ్యా అనే పిలుస్తాడు. అక్కయ్య భర్త బావగారు కాక ఏమవుతాడు? అందరికీ ఆయన బావగారే.

నిజం చెప్పాలంటే జనం ఆ పేజీని కింద నుంచి పైకి చదువుతారు. కింద ఒక చిన్న గడి ఉంటుంది, అందులో బావగారి దిండ్లు. ఆయన బేకరీలో పనిచేస్తాడు, తెల్లవారకముందే లేస్తాడు, సినిమాకి తీసుకెళితే నిద్రపోతాడు. పేర్లు పడుతుండగానే గురక మొదలైతే ఐదు దిండ్లు. విశ్రాంతి దాటాక మొదలైతే ఒకటి. సున్నా దిండ్లు ఇంతవరకు ఏ సినిమాకీ పడలేదు. దానికోసం సినిమాలు తీసేవాళ్ళు ప్రాణం పెడతారు.

"మూడు," అంది అక్కయ్య.

"మూడేనా! గురక మీద ఒక్క ముక్క పడెయ్యండి మరి. అది లేకపోతే ఉప్పు లేని పప్పే."

"ముందు వరసలో పాప చెవులు మూసుకుందని వెయ్యి."

ఆయన పకపకా నవ్వాడు. పక్క బల్ల మీద ప్రూఫులు చూసే ఆవిడ కూడా నవ్వింది. అక్కయ్య కూడా నవ్వింది, నవ్వక ఏం చేస్తుంది! ఆ సినిమాకి ఆమె ఒక్కతే వెళ్ళింది. పక్క సీట్లో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. బావగారు అంతకుముందు వారమే ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

వెళ్ళిన తీరు కూడా ఆయన తీరే, అరుపూ లేదు కేకా లేదు. యజమాని ఫోను చేసి, పాఠకుల సభలో కొత్త సినిమా ఒకటి అందరికంటే ముందు వేస్తున్నారనీ, తెర పక్కన సోఫా వేసి బావగారిని కూర్చోబెడితే ఆయన ఎక్కడ నిద్రపోతాడో జనం కళ్ళారా చూస్తారనీ అన్నాడు. అక్కయ్య నవ్వి, తప్పకుండా అంది. బావగారు పళ్ళాలు తుడుస్తున్నాడు.

"నన్ను అడగవా?" అన్నాడు.

"ఇందులో అడగడానికేముందండీ, మీరు ఎలాగూ నిద్రపోతారుగా!"

ఆయన తుడుస్తున్న పళ్ళెం తుడిచి పెట్టాడు. గుడ్డ పిండి ఆరేశాడు. మర్నాడు పనినుంచి వచ్చి నాలుగు జతల బట్టలు సంచిలో పెట్టుకుని, "నాకు అలసటగా ఉంది," అని బేకరీ మీద ఉన్న గదికి వెళ్ళిపోయాడు. ఎప్పుడూ నిద్రపోయే మనిషి అలసటగా ఉందంటున్నాడు, ఇది గడిలో భలే పేలుతుంది అనుకుంది అక్కయ్య, తలుపు దగ్గర నిలబడి. చూశారా బుద్ధి! ఆయన మెట్లు దిగి కనపడకుండా పోయాక గానీ సంగతి ఆమెకి తలకెక్కలేదు.

*

మధ్యాహ్నం బన్నులకి పిండి సిద్ధమయ్యే వేళకి ఆమె బేకరీకి వెళ్ళింది. సభకి పిలవడానికి వచ్చానని తనకి తాను చెప్పుకుంది గానీ, వచ్చింది ఇంటికి పిలవడానికే. దారి పొడవునా ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చింది. తీరా గుమ్మంలోకి వచ్చేసరికి ఒక్క ముక్క గుర్తు లేదు.

బావగారు పొడుగాటి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. పిండి ముద్ద తుంచి త్రాసులో వేస్తున్నాడు, చిటికెడు తీస్తున్నాడు లేదా చిటికెడు అతికిస్తున్నాడు, బల్ల మీద వేసి అరచేతి కింద గుండ్రంగా తిప్పుతున్నాడు. కుడి చేతి కింద ఒకటి, ఎడమ చేతి కింద ఒకటి. రెండూ ఒకేసారి నున్నగా తేలి వచ్చేవి. వాటిని ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పెట్టి, తడిగుడ్డ కప్పి, మళ్ళీ ముద్ద తుంచేవాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పని చేస్తుండగా ఆమె నిలబడి చూసింది లేదు. కొట్టు ముందుకు వచ్చి రొట్టె తీసుకుని వెళ్ళేది, అంతే.

ఓవెన్ దగ్గరి మనిషి ఆమెని ముందు చూశాడు. బావగారికంటే చిన్నవాడు, మాటకారి. నోట్లో నువ్వుగింజ నానదు.

"ఓహోహో, అక్కయ్యగారే! బావగారికి దిండు తెచ్చారా ఏంటి?"

"నీకొకటి తెస్తాలే," అంది అక్కయ్య అలవాటుగా.

"నాకు వద్దు తల్లీ, నా పొట్ట కొట్టకండి. మీ చలవ వల్లే కదా ఈ ఓవెన్ నాకొచ్చింది!"

"నా చలవేంటి?"

"మీకు తెలీదా? వరసకి ఇది బావగారికే రావాలి. ఇక్కడ అందరికంటే పాతవాడు ఆయనే కదా. ముందున్న పెద్దాయన మానేసినప్పుడు మా ఓనరమ్మ మీ పేజీ తీసి చూపించింది. 'ఊరందరికీ తెలిసిన నిద్రమొహం, ఈయనకి నిప్పు ఎలా అప్పజెప్పను?' అంది. అందరం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. బావగారూ నవ్వాడు. ఏం బావగారూ, నవ్వావు కదా?"

"నవ్వాను," అన్నాడు బావగారు. "అంచులు మాడుతున్నాయి, చూసుకో."

ఓవెన్ మనిషి నాలిక్కరుచుకుని పరిగెత్తాడు. చెక్క తెడ్డుతో ట్రేలు లాగుతున్న చప్పుడు లోపల్నుంచి వినిపిస్తోంది. అక్కయ్య బల్ల అంచు పట్టుకుంది. చేతికి పిండి అంటుకుంది.

"ఎప్పటి మాట ఇది?"

"చాలా ఏళ్ళయింది."

"నాకు ఎందుకు చెప్పలేదండీ?"

"చెబితే రాసేదానివి," అన్నాడాయన.

కోపంగా అనలేదు. ముద్ద తూకం సరిపోయిందని చెప్పినట్టు చెప్పాడు. అక్కయ్య కాదని ఒట్టు వేద్దామనుకుంది గానీ, ఎలా వేస్తుంది? రాసేది. 'బావగారికి పొయ్యి ఇవ్వనన్నారు' అని మొదలుపెట్టి, జనం పడి పడి నవ్వేలా రాసేది.

"ఇంటికి రండి," అంది.

"ఆదివారం వస్తా. ఇంటికి కాదు, మీ సభకి. మాటిచ్చావుగా. అంతమంది ముందు నీ మాట పోకూడదు."

"ఆ సోఫా తీయించేస్తాను. వద్దని చెప్పేస్తాను."

"చెప్తావా?" అన్నాడు, పని ఆపి ఆమె కళ్ళలోకి చూస్తూ. ఆమె ఆ చూపు ముందు నిలవలేక చేతికి అంటిన పిండి గిల్లుకుంది. ఆయన మళ్ళీ ముద్ద తుంచాడు.

*

చెప్పడానికే వెళ్ళింది, పాపం. యజమాని గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళేటప్పటికి నోట్లో మాట సిద్ధంగా ఉంది. యజమాని లేచి నిలబడి, గోడకి ఆనించిన పోస్టరు ఆమె వైపు తిప్పాడు. ముసుగు తన్ని పడుకున్న మనిషి బొమ్మ, చుట్టూ నక్షత్రాలు, నక్షత్రాల మధ్య దిండ్లు ఎగురుతున్నాయి.

"సీట్లన్నీ నిండిపోయాయి అక్కయ్యా! ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. తలా ఒక దిండు తెచ్చుకుంటామంటున్నారు. గురక మొదలవగానే పైకి ఎగరేస్తారట. సినిమా వాళ్ళకైతే కాలు నిలవడం లేదు. బావగారిని కాసేపు మేలుకోమని చెప్పరా అని నన్ను బతిమాలుతున్నారు. ఆయన మా మాట వినే మనిషా అన్నాను!"

"ఆ సోఫా సంగతి మాట్లాడదామని..." అంది అక్కయ్య.

"చెప్పండి, చెప్పండి."

ఆమె పోస్టరు వైపు చూసింది. పత్రిక అట్ట మీద కూడా ఎప్పుడూ ఇంత పెద్ద అక్షరాల్లో ఆమె పేజీ పేరు పడలేదు.

"కొంచెం మెత్తటిది చూడండి," అంది.

బయటికి వచ్చి వరండాలో నిలబడి తనని తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే ఒక ఆశ పెట్టుకుంది. ఆదివారం ఒక్కటీ గడిచిపోనీ. ఆయన వస్తాడు, పక్కన కూర్చుంటాడు, అయిపోయాక కలిసి నడుచుకుంటూ ఇంటికి వెళ్ళొచ్చు. వచ్చే నెల నుంచి గడి తీసేస్తుంది. ఆ మాట యజమానికి ఇప్పుడే చెప్పి ఉంటే ఏం పోయేది? సభ పోయేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అక్కయ్య ముందు రచ్చ చూసుకుంది.

*

ఆదివారం మ్యాటినీకి బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చొక్కా మీద మడతలు కొంచెం వంకరగా ఉన్నాయి, గదిలో తనే చేసుకున్నట్టున్నాడు. ఆయన సోఫా దగ్గరికి రాగానే హాలంతా "బావగారూ!" అని అరిచింది. దిండ్లు గాలిలోకి లేచాయి. ఆయన చెయ్యి ఊపాడు. యజమాని మైకులో ఏదో చమత్కరించాడు, జనం ఈలలు వేశారు. అక్కయ్య ఆయన పక్కన కూర్చుంది. ఆయన చెవుల వెనక ఇంకా పిండి వాసన ఉంది. అది తగిలేసరికి ఆమెకి ప్రాణం లేచి వచ్చింది.

"తిన్నారా?" అంది మెల్లగా.

"తిన్నాను."

లైట్లు ఆర్పారు. సోఫా మీద వెలుగు పడేలా మాత్రం చిన్న దీపం ఉంచారు. సినిమాలో సముద్రం ఎండిపోయిన గ్రహం ఒకటి. దాని మీద దీపస్తంభం కాపలా కాసే ఒంటరి పిల్ల. నీళ్ళే లేవు, ఓడ ఎలా వస్తుంది? అయినా చీకటి పడగానే మెట్లెక్కి దీపం వెలిగిస్తుంది. ఏనాడో ఓడ మీద వెళ్ళిన తండ్రి గొంతు పాత రేడియోలో అప్పుడప్పుడూ ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. అక్కయ్యకి ఇలాంటివంటే ప్రాణం. మామూలుగా అయితే ముందుకు వంగి, గోళ్ళు కొరుక్కుంటూ చూసేది.

విశ్రాంతికి ముందే బావగారి తల వెనక్కి వాలింది. గురక మొదలైంది. హాలు గొల్లుమంది, దిండ్లు లేచాయి. ముందు వరసలో సినిమా తీసినాయన తల పట్టుకున్నాడు. కాసేపటికి జనం సర్దుకుని మళ్ళీ తెర వైపు తిరిగారు. అక్కయ్య తిరగలేదు. ఆయన్ని దగ్గరగా చూసి చాలా రోజులైంది, చూస్తూ ఉండిపోయింది.

ఇంట్లో నిద్రపోయేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి చెంప కింద పెట్టుకుంటాడు. నోరు కొంచెం తెరుచుకుంటుంది. గురక పెట్టడు. ఇంట్లో ఏనాడూ గురక పెట్టలేదు. ఒకే మంచం మీద ఇన్నేళ్ళు పడుకుని, ఆ గురక గురించే నెల నెలా రాసి, ఈ సంగతి ఆమెకి తట్టనే లేదు! ఆమె చూపు కిందికి దిగింది. చెప్పులో ఆయన బొటనవేలు సంగీతంతో పాటు కదులుతోంది. రేడియోలో తండ్రి గొంతు, "దీపం కనిపిస్తోంది తల్లీ," అనగానే గురక తడబడింది, ఆయన గుటక మింగాడు. మూసిన రెప్పల కింద నుంచి నీరు జారి చెవి వైపు పోయింది. ఆయన తుడుచుకోలేదు. తుడుచుకుంటే మేలుకున్నాడని జనానికి తెలిసిపోతుంది.

ఆఖర్న తెర మీద ఎక్కడో ఓడ కూత మోగింది. తలుపు కిర్రుమంది. ఆ తర్వాత హాలంతా కిక్కురుమనకుండా అయిపోయింది. అక్కయ్య ఆయన ముఖం మీంచి కళ్ళు తిప్పలేకపోయింది.

*

ఐదు దిండ్లా, నాలుగా అని లోపల జనం కేకలు వేస్తుండగా, ఆయన పక్క తలుపులోంచి బయటికి వచ్చేశాడు. అక్కయ్య వెనకే వచ్చింది. ఎండ ఇంకా ఉంది. థియేటర్ మెట్ల కింద బస్టాపులో ఆయన నిలబడ్డాడు.

"మీరు నిద్రపోలేదు," అంది ఆమె.

"లేదు."

"ఎప్పుడూ పోలేదా?"

"మొదట్లో ఒకటి రెండుసార్లు పోయాను, నిజంగానే. నువ్వు రాశావు, నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఆ ఒంటి రెక్క పక్షి బొమ్మల సినిమా వచ్చింది, గుర్తుందా? చివరిదాకా కళ్ళార్పకుండా చూశాను. ఇంటికి నడుస్తూ దారంతా దాని గురించే చెప్పాను. ఎంత బాగా చెప్పారండీ అన్నావు."

"అన్నానా?"

"అన్నావు. పత్రిక వచ్చాక చూస్తే నేను చెప్పిన మాటలన్నీ పైన ఉన్నాయి, నీ మాటలుగా. కింద నాకు నాలుగు దిండ్లు."

అక్కయ్యకి ఆ సినిమా గుర్తుంది. ఆ నెల పేజీకి వచ్చిన మెప్పు గుర్తుంది. ఆ నడక మాత్రం ఎంత వెతుక్కున్నా గుర్తు రావడం లేదు. సిగ్గుతో తల వాలిపోయింది.

"జనం నవ్వుతారని... అంతేనండీ. మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదు."

"తెలుసు. నీకు ఆ ఉద్దేశం లేదని నాకు తెలుసు. కానీ కళ్ళు తెరుచుకుని చూస్తే నీకు చెప్పాలనిపిస్తుంది. చెప్పి ఏం లాభం? అందుకని మూసుకున్నా. వింటూ ఉండేవాణ్ణి."

"మరి ఇన్నేళ్ళూ నాతో ఎందుకు వచ్చారు?"

ఆయన బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాడు.

"నువ్వు సినిమా చూస్తుంటే పక్కన కూర్చోవడం బాగుండేది. మంచి చోటు రాగానే ఊపిరి బిగబట్టేదానివి. ఎక్కడెక్కడ బాగుందో దాన్ని బట్టే నాకు తెలిసిపోయేది."

అక్కయ్య ఏడ్చేసింది. ఆపుకోవాలని కూడా అనుకోలేదు. "ఇంటికి రండి. గడి తీసేస్తాను, పేజీయే తీసేస్తాను. మీరు చెప్పింది మీ పేరుతోనే వేస్తాను," అంది ఆయన చెయ్యి పట్టుకుని.

"వద్దులే," అన్నాడాయన, మెత్తగానే. "ఇంక రాలేను. నాకు ఇప్పుడు చెప్పాలని కూడా అనిపించడం లేదు." ఆమె చెయ్యి విడిపించుకోలేదు గానీ, తిరిగి పట్టుకోనూ లేదు. "ఒక్కటి మాత్రం చెప్పు. ఆఖర్న కూత మోగింది, తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత ఎంతసేపో మాట లేదు, పాట లేదు. నీ ఊపిరి కూడా వినపడలేదు. అప్పుడు ఆ పిల్ల ముఖం ఎలా ఉంది?"

ఏది చూడాలో ఎందరెందరికో చెప్పిన మనిషి అక్కయ్య.

"చూడలేదండీ," అంది. "మిమ్మల్నే చూస్తున్నాను."

"అయ్యయ్యో," అన్నాడాయన. నిజంగానే బాధపడ్డాడు. "అది చూడాల్సింది నువ్వు."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. జనం మధ్యలోంచి లోపలికి జరుగుతున్న వంకర మడతల చొక్కా కాసేపు కనిపించింది. బస్సు మలుపు తిరిగిపోయింది.

థియేటర్ తలుపులు తెరుచుకున్నాయి. దిండు చంకలో పెట్టుకుని దిగుతున్న ఒకావిడ మెట్ల కింద అక్కయ్యని చూసి గబగబా వచ్చింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి.

"మీరూ ఏడ్చారా అక్కయ్యా! నేనైతే ఆఖర్న ఆ పిల్ల ముఖం చూసి ఆగలేకపోయాననుకోండి."

అక్కయ్య ఆమె రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. "ఎలా ఉందమ్మా ఆ ముఖం? చెప్పు తల్లీ, నాకు చెప్పు," అంది.

ఆవిడ సంబరంగా నవ్వింది. "భలేవారే! అది నాకెక్కడ చెప్పడం వస్తుందక్కయ్యా? మీరు రాస్తారుగా, చదువుకుంటాం."